గీత కింద పేరు

మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి, తన అక్క పేరును మాక్రో ఎనిమిది నెలలుగా చదవడం లేదని కంటి ఆసుపత్రి గుమస్తా కనుక్కున్నాడు.

కంప్యూటర్ చేత రోజువారీ పని చేయించే ఆ చిన్న ప్రోగ్రామును, ఆ మాక్రోను, రాసింది అతనే. ఆపరేషన్ల జాబితాలోని గళ్లన్నిటికీ కలిపి ‘క్యూ’ అని పేరు పెట్టాడు. మాక్రో నెలకోసారి ‘క్యూ’ను పైనుంచి చదివి, వంతు వచ్చినవాళ్లకు ఉత్తరాలు తీస్తుంది. ‘క్యూ’ చివరి గడిలో పేరుండదు, ఒక గీత ఉంటుంది. కొత్తవాళ్లను గీతకు పైన చొప్పిస్తే ‘క్యూ’ తనంతట తానే సాగుతుంది. గీత కింద ఏం రాసినా మాక్రోకు లేనట్టే.

అక్క కాగితాలు వచ్చిన రోజున టైపిస్టు అడిగింది.

"మీ అక్కగారిని కాస్త పైకి జరపనా సార్? ఎవరు చూడొచ్చారు?"

"వద్దమ్మా. నలుగురూ నలభై అంటారు. అందరికన్నా కిందే రాయి. అట్టడుగున."

ఆమె అట్టడుగునే రాసింది.

"నీ పలుకుబడి తగలెయ్య! దారినపోయేవాళ్లకు కూడా ఉత్తరాలొస్తున్నాయిరా," అని అక్క ఫోన్లో ఎత్తిపొడిచేది.

"వంతు రావాలి కదే అక్కా," అనేవాడు.

ఆరో నెలలో ఎత్తిపొడుపులు ఆగిపోయాయి. "గ్లాసు ఎక్కడ పెట్టానో కనపడటం లేదురా," అంది. అప్పుడూ అతను వంతు మాటే చెప్పాడు.

సోమవారం అక్క పక్కింటావిడ ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. ఆవిడ పేరు రాయించుకున్నది అక్క తర్వాత రెండు నెలలకు. మర్నాడు అతను జాబితా తెరిచి చివరిదాకా దిగాడు. గీత ఉంది. దాని కింద అక్క ఉంది.

"మీరు చెప్పినట్టే రాశాను సార్," అంది టైపిస్టు.

"అవునమ్మా. నేను చెప్పినట్టే రాశావు."

మధ్యాహ్నం అక్కను తీసుకొచ్చాడు. డాక్టరు టార్చి వేసి చూశాడు. నీటికాసుల ఒత్తిడికి కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తున్నాయి. ఆపరేషన్ చేసినా పోయిన చూపు రాదని, ఉన్నది నిలుస్తుందేమో చూద్దామని చెప్పాడు.

గుమస్తా అంగీకార పత్రం తెచ్చాడు.

"సంతకం ఎక్కడరా?"

అక్క వేలు పట్టుకుని గీత మీద ఆనించాడు. ఆమె వేలు తీసి, కలం పెట్టి, మెల్లగా రాసింది.

సంతకం గీత కింద పడింది.