ఎర్రకార్డు మీద మొదటి సంతకం

ఆ ఉదయం పెద్దమేస్త్రి కూతురికి కాలు ఒక్కచోట నిలవలేదు. నిలుస్తుందా మరి! పరంజా తనిఖీ పరీక్ష పాసయ్యాక ఇదే మొదటి రోజు. ఐదంతస్తుల భవనం ముందు నిలబెట్టిన ఇనుప పరంజాకు కార్డు తగిలించే అధికారం ఇవాళ్టి నుంచి ఆమెది. పచ్చకార్డు పెడితే ఎక్కవచ్చు. ఎర్రకార్డు పెడితే ఇంజనీరైనా సరే కింద నిలబడాల్సిందే. రెండు కార్డులూ చొక్కా జేబులో పెట్టుకుని, ఉన్నాయో లేవోనని దారిపొడుగునా తడిమి చూసుకుంటూనే ఉంది.

ఇందులో ఒక చిక్కుంది. ఆ పరంజా కట్టింది వాళ్ళ నాన్నే. ముప్పై ఏళ్ళుగా ఆయన కట్టినదానికి వంక పెట్టిన మనిషి లేడు. ఆయన ఎక్కి అటూ ఇటూ నాలుగడుగులు వేసి దిగితే చాలు, మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని ఎక్కేసేవారు. ఇప్పుడేమో కట్టేవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరు అని కొత్త నిబంధన పెట్టారు. చూసే మనిషి తన ఇంట్లోనే తయారైందని ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

కింద పన్నెండుమంది రంగులవాళ్ళు అప్పటికే డబ్బాలు కలిపేసుకుని కూర్చున్నారు. రంగుల మేస్త్రికి నోరు ఊరుకోదు. నాన్న కట్టినదాన్ని కూతురు చూడటమేమిటి, ఆ పచ్చకార్డేదో ఇలా పడేస్తే మా పని మేం చేసుకుంటాం కదా అని ఆటపట్టించాడు. ఆమె నవ్వి, నడుముకు బెల్టు బిగించుకుని పని మొదలుపెట్టింది.

ముందు కాళ్ళు చూసింది. ప్రతి కాలి కిందా ఇనుప పళ్ళెం, పళ్ళెం కింద మందపాటి చెక్క, ఒక్కటీ కుంగలేదు. తర్వాత పైకెక్కింది. పానాతో, పైపులను కలిపి పట్టే క్లాంపుల మీద కొట్టి చెవి పెట్టి వినడం నాన్న దగ్గర నేర్చిందే. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులుగా ఉన్నది గలగలమంటుంది. మొదటి అంతస్తు ఖంగు, రెండో అంతస్తు ఖంగు, మూడోదీ అంతే. పలకల మధ్య వేలు దూరే సందు లేదు. అబ్బ, ఏం కట్టాడు మా నాన్న అనుకుంది. జేబులో పచ్చకార్డు మీద అప్పుడే సంతకం పెట్టేయాలనిపించింది.

నాలుగో అంతస్తులో ఎత్తిన పానా దించేసింది.

పరంజాను భవనానికి పట్టి ఉంచేవి టైలు. కిటికీ ఖాళీల్లోంచి లోపలికి వెళ్ళి బిగుసుకునే పొట్టి పైపులవి. ఇక్కడ రెండు కిటికీల్లో అవి లేవు. వాటి చోట కొత్త అద్దాలు తళతళలాడుతున్నాయి. ఎవరు తీశారో అడగనక్కర్లేదు. అద్దాలు బిగించేది బాబాయి. తమ్ముడు అడిగితే నాన్న కాదనలేడు. పైగా నాన్న బిగించిన పైపు మీద చెయ్యి వేసే ధైర్యం నాన్నకు తప్ప ఎవరికుంది? తీసినవాడు పక్కనే గోడకు బోల్టులు దింపి వేరే టైలు వేయాలి. వేయలేదు. రంగు బయటికి చిమ్మకుండా పరంజా ముందంతా వల కట్టి ఉంది. గాలి ఆ వలలో నిండిందంటే పరంజాను గోడ నుంచి అవతలికి లాగేస్తుంది. మీద పన్నెండుమంది ఉంటారు.

భయం వేసింది, నాన్న మీద కోపం కూడా వచ్చింది. నిజం చెప్పొద్దూ, మొదటి రోజే ఇంత పెద్ద తప్పు పట్టానన్న హుషారూ లోపల గంతులేసింది. ఆ ఊపులోనే గబగబా దిగేసింది. ఎర్రకార్డు తీసి, నాలుగో అంతస్తులో రెండు టైలు లేవని రాసి, సంతకం పెట్టి, మెట్ల దగ్గర తగిలించింది.

రంగుల మేస్త్రి కార్డునూ, కింద నిలబడి ఇదంతా చూస్తున్న పెద్దమేస్త్రినీ మార్చి మార్చి చూశాడు.

"చిన్నపిల్ల, ఏదో రాసింది. మీరొక్క మాటనండి పెద్దాయనా, ఎక్కేస్తాం" అన్నాడు.

ఎక్కేస్తారు కూడా. ఆ సంగతి ఆమెకు తెలుసు. తన సంతకం వయసు ఐదు నిమిషాలు, నాన్న మాట వయసు ముప్పై ఏళ్ళు. ఆయన ఊఁ అంటే కార్డు చిత్తుకాగితం, ఆ పన్నెండుమందీ పైన ఉంటారు. ఆయన ముఖం ఎర్రబడింది. కార్డు దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"రెండు కాదమ్మా, మూడు" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన అందరికీ వినబడేలా చెప్పాడు. అదే అంతస్తులో మూల మీద నీళ్ళగొట్టం వెనక, వల మడతపడ్డ చోట, స్నానాలగది చిన్నకిటికీ ఉంది. అందులోదీ తీశాడు. మూడూ నిన్న సాయంత్రం తనే తీశాడు, తమ్ముడు తొందరపెట్టాడని. తెల్లారి వేద్దామనుకుని, కూతురి మొదటి రోజు సంబరంలో పడి మరిచిపోయాడు. ఎవరూ పలక మీద కాలు పెట్టవద్దన్నాడు. రంగుల మేస్త్రి కలిపిన డబ్బాలకు మూతలు పెట్టమని తన మనుషులకు చెప్పాడు.

ఆమె తలెత్తి ఆ మూల వైపు చూసింది. ఆ మూలకు తను వెళ్ళనేలేదు. ఐదో అంతస్తైతే ఎక్కనేలేదు. ఆయన సిగ్గుపడి నోరు మూసుకుని ఉంటే, కనబడ్డ రెండూ వేయించి, పచ్చకార్డు మీద సంతకం పెట్టేసేది.

"ఒక తప్పు దొరగ్గానే చూడటం ఆపేశావు" అన్నాడాయన గొంతు తగ్గించి. "నువ్వు దిగుతుంటేనే అనుకున్నా."

ఆమె కార్డు విప్పి, రెండు అన్న మాట కొట్టేసి మూడు అని రాసింది. దాని కింద ఇంకో వరుస రాసింది: నాలుగో అంతస్తు సగమే చూశాను, ఐదోది చూడలేదు. రెంటి కిందా కలిపి మళ్ళీ సంతకం పెట్టి, అందరూ చూస్తుండగా తగిలించింది.