ముందుగది

పదకొండు కప్పుల్లో టీ పోసేసరికి గిన్నెలో తనకంటూ ఏమీ మిగల్లేదు. మార్త ట్రే పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. ఆమె భర్త, సైకాలజీ ప్రొఫెసర్ సొలొమోను గారు పోయి నెల దాటింది. సంస్మరణ సభ గురించి మాట్లాడుకోవడానికి ఆయన సహోద్యోగులు, పాత విద్యార్థులు గుణదలలోని ఆ ఇంటికి వచ్చారు.

"మీకో మంచి మాట చెప్పాలమ్మా," అన్నారు బసవపున్నయ్య గారు, సొలొమోను గారితో పాటు కాలేజీలో పనిచేసిన మనిషి. "ఈ గదినే సార్ పేరున కౌన్సెలింగ్ సెంటర్ చేద్దామనుకుంటున్నాం. జయంత్ బాబు సరేనన్నాడు. మీరెలాగూ ఇంట్లోనే ఉంటారుగా, వచ్చినవాళ్ళకి కాస్త తలుపు తీస్తే చాలు."

"అమ్మకీ కాలక్షేపం అంకుల్," అన్నాడు కొడుకు జయంత్, కప్పు అందుకుంటూ.

మార్తని ఎవరూ అడగలేదు. ఖాళీ ట్రేతో వంటింట్లోకి వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్ళుగా సాయంత్రం అయిదు దాటితే ఆ గది తనది కాదు. పరీక్ష తప్పిన కోచింగ్ కాలేజీ పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, విడిపోతామంటూ వచ్చే భార్యాభర్తలు. ఆయన ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవారు కాదు. తను టీలు కాచేది. పామర్రు నుంచి చెల్లెలు వస్తే ఇద్దరూ పెరటి మెట్లమీద కూర్చుని గుసగుసగా మాట్లాడుకునేవారు.

ఆయన మంచివాడు. చిక్కంతా అక్కడే. తాగడు, చెయ్యెత్తడు, గొంతైనా పెంచడు. నువ్వు అదృష్టవంతురాలివి మార్తా అని చర్చిలో అందరూ అనేవారు. ఇక ఎవరితో ఏమని చెప్పుకుంటుంది? జయంత్ పదో తరగతిలో ఉండగా ఒకసారి తనకి ఒళ్ళు కాలిపోతుంటే, ఈ ఒక్క రోజుకి ఎవర్నీ రమ్మనకండి అంది. ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

"ఈ కోపం నా మీద కాదు మార్తా. చిన్నప్పుడు మీ నాన్న నిన్ను పట్టించుకోలేదు. ఆ పిల్ల ఇంకా నీలో ఏడుస్తోంది."

"నాకు జ్వరమండీ."

"చూశావా, మనసులోది ఒంటిమీదకి నెట్టేస్తున్నావు," అని ప్రేమగానే నవ్వారు. ఇంతలో బెల్లు మోగింది. ఆమె లేచి పాలు పొయ్యిమీద పెట్టింది.

అత్తగారు మంచం పట్టినప్పుడూ అంతే. పన్నెండేళ్ళు చేసిన టీచరు ఉద్యోగం మానేయమని ఆయన అనలేదు. "నిర్ణయం నీదే. కాకపోతే ఇంట్లోంచి ఎందుకు పారిపోవాలనిపిస్తోందో ఒకసారి నీలోకి చూసుకో," అన్నారు. వారం రోజులు చూసుకుంది. రాజీనామా ఇచ్చేసింది. ఆ తర్వాత ఏ మాట నోటిదాకా వచ్చినా ఇది నిజంగా నా కోపమేనా, ఇంకెప్పటిదో గాయమా అని తనే విప్పి చూసుకునేది. అలా విప్పిన మాట మళ్ళీ మాటగా అతుక్కునేది కాదు. అన్నీ లోపలే ఉండిపోయేవి. ఆయన పోయాక కూడా అవి అక్కడే ఉన్నాయి.

సభకి హాలు నిండిపోయింది. ఇప్పుడు లెక్చరర్‌గా ఉన్న రుచిత మైకు ముందు నిలబడి, "ఇంటర్లో నాకు బతకాలనిపించలేదు. సార్ మూడు గంటలు నా మాట విన్నారు. ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. అందుకే ఈరోజు మీ ముందున్నాను," అంది. అందరి కళ్ళూ తడిశాయి. మార్తకీ ఏడుపొచ్చింది. రుచిత చెప్పింది నిజమే. ఆ సాయంత్రం ఆ పిల్లకి ఉప్మా చేసి పెట్టింది తనే. మూడు గంటలు! ఆయన వినగలరు. ఆ సంగతి ఇన్నేళ్ళకి ఒక పరాయి పిల్ల నోటి వెంట తెలిసింది.

తర్వాత తనని పిలిచారు. జయంత్ రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది. 'వారి నీడలో నా జీవితం ధన్యమైంది' అన్న వాక్యం దగ్గర ఆగిపోయింది. ముందువరసలోంచి కొడుకు చదవమన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. చదివింది, చివరి అక్షరం దాకా. చప్పట్లు చాలాసేపు మోగాయి.

మర్నాడు పొద్దున్నే బసవపున్నయ్య గారు ఒక పెద్ద వయసు వడ్రంగిని వెంటబెట్టుకొచ్చారు. గదికి అడ్డంగా చెక్క గోడ కట్టి రెండు భాగాలు చెయ్యాలట. వడ్రంగి టేపు తీశాడు.

"సెంటర్ ఇక్కడ వద్దండీ," అంది మార్త.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమెక్కూడా ఆ గొంతు కొత్తగానే వినిపించింది. జయంత్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"అమ్మా, నువ్వింకా నాన్న పోయిన బాధలోంచి బయటపడలేదు. దాన్ని ఈ గది మీద చూపిస్తున్నావు. కూర్చో, మాట్లాడుకుందాం."

తండ్రి గొంతే. తల పక్కకి వంచడం కూడా అదే. కూర్చుంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అరగంటలో తనకే తన తప్పు కనబడుతుంది, లేచి టీ పెడుతుంది.

కూర్చోలేదు.

"బాధ ఉందో లేదో నేను చూసుకుంటాను. ఈ గది నాక్కావాలి."

"ఎందుకమ్మా?"

"ఎందుకో చెప్పను."

వడ్రంగి టేపు పట్టుకుని అందర్నీ చూశాడు. "కొలవమంటారా బాబూ, వద్దా?" అని జయంత్‌ని అడిగాడు.

"నన్నడగండి," అంది మార్త.