కట్ట భద్రం

"కట్ట అడుగున చెమ్మ ఊరుతోందమ్మా. చెయ్యి పెడితే మట్టి మెత్తగా దిగిపోతోంది. పైవాళ్లకి చెప్పు," అన్నాడు కట్ట కాపలాదారు ఫోన్‌లో. వాన హోరులో అతని మాట సగమే వినబడింది.

ఆమె కుర్చీలోంచి లేచింది. గని కంపెనీ ఆఫీసులో వెబ్‌సైటు చూసుకోవడం ఆమె పని. ఖనిజం కడిగిన బురదనీళ్లు నిలవుండే చెరువు కోసం అందులో ఒక పేజీ ఉంది. అది పచ్చగా ఉంటే కట్ట భద్రం. ఎర్రగా మారితే దిగువ వీధులు ఖాళీ చెయ్యాలి. పోయినేడు ఆమే ఇల్లిల్లూ తిరిగి అందరి ఫోన్లలో ఆ పేజీ పెట్టించింది. అప్పట్నుంచీ వానొస్తే జనం కట్ట వైపు చూడడం మానేసి ఫోను చూస్తున్నారు. ఆ దిగువ వీధిలోనే ఆమె అత్తగారూ, చిన్న కూతురూ ఉన్నారు.

పరుగున వెళ్లి మేనేజరుకు చెప్పింది. ఆయన గదిలో గోడ తెర మీద వాటాదారుల ఆన్‌లైన్ సమావేశం నడుస్తోంది. పర్యావరణం పట్ల కంపెనీ బాధ్యత గురించి ఒక పెద్దమనిషి తీయగా చెబుతున్నాడు. అతని వెనక అదే పచ్చటి పేజీ. మేనేజరు మైకు ఆపాడు.

"వానాకాలం చెమ్మ ఊరకేం చేస్తుందమ్మా? మీటింగ్ అయ్యేదాకా రంగు ముట్టుకోకు."

"కాపలా ఆయన ఉత్తినే చెప్పడు సార్. జనం ఆ రంగు చూసుకునే ఇళ్లలో కూర్చున్నారు."

"ఇప్పుడు మార్చావంటే కంపెనీ పరువు బజారున పడుతుంది. నీ ఉద్యోగం సంగతీ ఆలోచించుకో. పైగా, ఇప్పుడే తనిఖీ చేశామని ఒక మాట చేర్చు."

కట్ట దగ్గరికి ఎవరూ పోలేదు. అబద్ధం చెప్పేవాడికి కాస్త తడబాటైనా ఉంటుంది. ఈయనకు అదీ లేదు. గనిలో కాలు విరిగి భర్త పట్నం ఆసుపత్రిలో చేరినప్పటి నుంచీ ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. సీటుకొచ్చి మీటల మీద వేళ్లు పెట్టింది. మేనేజరు వచ్చి వెనకే నిలబడ్డాడు. అప్పుడే అత్తగారు ఫోను చేసింది.

"అమ్మాయ్, గడప దాకా నీళ్లొచ్చాయే. పక్కింటివాళ్లు గుట్ట మీది బడికి పోదామన్నారు. నేనే ఆపాను. పచ్చగానే ఉందిగా, మా కోడలు చూసుకుంటుందిలే అన్నాను. పిల్ల అన్నం తిని పడుకుంది. లేపమంటావా?"

ఏమీ చెప్పొద్దన్నట్టు మేనేజరు వేలు ఆడించాడు.

"లేపండి అత్తయ్యా." ఆమె అరిచింది. "వీధి వీధినంతా లేపండి. ఆ రంగు నమ్మకండి. పెట్టించిందాన్ని నేనే చెబుతున్నా, నమ్మకండి. గుట్ట ఎక్కండి!"

"ఫోను పెట్టెయ్!" అన్నాడు మేనేజరు.

ఆమె పెట్టలేదు. రెండో చేత్తో పేజీని ఎర్రగా మార్చింది. లోపలి గదిలో పెద్దమనిషి మాట మధ్యలో ఆగింది. ఫోన్‌లో మంచం కిర్రుమన్న చప్పుడు, దాని వెనక ఏదో హోరు. అది వానో మరేదో తెలియలేదు.

"అత్తయ్యా, పిల్లని ఎత్తుకున్నారా? ఎత్తుకున్నారా?"