దొరసాని బండి కమాన్లు

ఊరు వదిలి పట్నం పారిపోయే హడావిడిలో కూడా దొర గడీలోని వెండి పళ్ళేలు మరిచిపోలేదు. పందిరిమంచం ఊడదీయించి మరీ పట్టుకుపోయాడు. జీపును మాత్రం వదిలేశాడు. వదలక ఏం చేస్తాడు? యుద్ధంలో అరిగిపోయి వచ్చిన బండి మీద రెండేళ్ళు లెవీ ధాన్యం బస్తాలు కుక్కీ కుక్కీ వెనక కమాన్లు రెండింటినీ తుక్కు చేశాడు మహానుభావుడు.

అది 1948 ఎండాకాలం. చిల్పూరు గుట్ట కనబడేంత దూరంలో ఉన్న ఆ ఊళ్ళో గడీ ఇప్పుడు దొర మీద తిరగబడ్డ రైతుల సంఘం చేతిలో ఉంది. కమ్మరి దుర్గయ్య గడీ కొట్టంలో జీపు కిందికి దూరి, విరిగిన ఉక్కుపట్టీలను వేలితో తడిమి చూస్తున్నాడు. చక్రానికీ బండికీ నడుమ ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఆ పట్టీల కట్టే కమాను. గుంటలో పడ్డప్పుడు వంగి, మళ్ళీ లేవడమే దాని పని. ఇప్పుడు వంగడమూ లేదు, లేవడమూ లేదు.

"దుర్గన్నా, రేపు పొద్దుగూకే లోపల లచ్చి డాక్టరమ్మ ముందట ఉండాలె. లేకుంటే కాలు కాదు, మనిషే దక్కది" అంది మార్తమ్మ. మిషను దవాఖానలో పదేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి, ఊరికే బెదిరించేది కాదు.

ధాన్యం ఎత్తుకుపోవడానికి రజాకార్లు తండా మీద పడితే వడిసెలలతో తరిమికొట్టినవాళ్ళలో లచ్చి ఒకతె. తుపాకిగుండు ఆమె తొడ ఎముకను విరిచింది. మార్తమ్మ వెదురుబద్దలు వేసి కట్టు కట్టింది గానీ, లోపలి నెత్తురు ఆపడం తన వల్ల కాదని చెప్పేసింది. జనగామ దవాఖాన దగ్గరే. కానీ గుండు దెబ్బతో అక్కడికి పోవడమంటే నేరుగా పోలీసుల చేతికి పోవడమే. ఎవరు కాల్చారని అడగని డాక్టరమ్మ ఉన్నది మానుకోట అవతల మిషను దవాఖానలో, నలభై మైళ్ళ దూరంలో.

నెల కింద లచ్చి అన్న భోజ్యాకూ ఇలాగే గుండు తగిలింది. ఎడ్లబండి మీద వేసుకుని బయల్దేరారు. దుర్గయ్య బండి పక్కనే నడిచాడు. చక్రం గుంటలో పడ్డప్పుడల్లా భోజ్యా మూలిగేవాడు. నాలుగో మైలు దాకా మూలిగాడు. ఆ తర్వాత మూలగలేదు. ఆ బండి చక్రాలకు ఇనుపపట్టా వేసింది దుర్గయ్యే. తప్పు తనది కాదని ఊరంతా అన్నా, ఆ నిశ్శబ్దం మాత్రం అతని చెవుల్లోంచి పోలేదు.

జీపు నడపడానికి సంఘం మొగుళ్ళపల్లి నుంచి జగపతిని పిలిపించింది. పటాలంలో లారీలు నడిపి వచ్చినవాడు, మీసమూ మాటా రెండూ కాస్త ఎక్కువే. దొర తెప్పించి వాడకుండా వదిలిన లారీ పట్టీలు కొట్టంలో ఓ మూల కనబడగానే అతని మొహం వెలిగింది.

"గివ్వి ఎక్కియ్యి దుర్గన్నా. ఏనుగు ఎక్కినా విరగవు."

"ఏనుగు ఎక్కుతలేదు గద తమ్మీ. లచ్చి ఎక్కుతది. ఎంత బరువు మొయ్యాల్నో జూసి కమాను ఏసుకోవాలె. లారీ పట్టీ వంగాలంటే పది బస్తాలు పడాలె. మనం నలుగురం ఎక్కితే అది వంగనే వంగది. గుంట దెబ్బ సక్కగ ఆమె తొడకే పోతది."

జగపతి చెవిన పెట్టలేదు. సరే, చూద్దామన్నాడు దుర్గయ్య. లారీ పట్టీలు బిగించి, వెనక నిండుకుండ నీళ్ళు పెట్టి, చేను గట్టు మీదుగా ఒక్కసారి పోనిచ్చారు. కుండ ఎగిరిపడి ముక్కలైంది. జగపతి మీసం కాస్త కిందికి దిగింది.

దుర్గయ్య కొట్టమంతా కలయజూశాడు. చివర్లో దొరసాని ఎక్కే కచ్చురం బండి కనిపించింది. గుంట తగిలితే ఆవిడ నడుము నొవ్వకూడదని దొర ఆ ఎడ్లబండికి ప్రత్యేకంగా సన్నటి కమాన్లు పెట్టించాడు. పలుచటి పట్టీలు, చేత్తో నొక్కితే వంగేంత మెత్తన. ఇవే కావాలి. అయితే పొడుగు ఎక్కువ. కొలిమిలో కాల్చి, కోసి, కొసలు మలిచి, ఉక్కు బిగువు తిరిగొచ్చేలా మళ్ళీ పదును పెట్టాలి. ఒక పక్క కమాను విప్పితే వచ్చే పట్టీలు జీపు రెండు వైపులకూ సరిపోతాయి; వాటిని జీపువి మిగిలిన రెండు మంచి పట్టీలతో, వైపుకొకటి చొప్పున, కలిపి కట్టాలి.

గడీ పని ఎన్నోసార్లు వెట్టికి చేసిన దుర్గయ్య ఈసారి ఎవరూ కేకేయకుండానే కొలిమి రాజేశాడు. భార్య నర్సమ్మ తిత్తి ఊదింది, సమ్మెట కొట్టింది. ఎర్రగా కాలిన పట్టీని దుర్గయ్య చుయ్యిమని నీళ్ళతొట్లో ముంచాడు. ముప్పై ఏళ్ళుగా నాగలి కర్రుకు అలాగే పదును పెట్టిన చెయ్యి అది, ఆలోచించకుండానే ముంచేసింది.

మధ్యాహ్నం రెండో పరీక్ష. మొదటి గట్టు ఎక్కీ ఎక్కగానే పట్టీ పింగాణీ గిన్నెలా టప్పున విరిగింది. దుర్గయ్యకు తల కొట్టేసినట్టయింది. పొద్దు సగం దాటింది, ఇక మిగిలింది ఆ కచ్చురం రెండో పక్క కమాను ఒక్కటే.

"ఏమయ్యా, కర్రు భూమిని చీరాలె, గందుకే గట్టిగుండాలె. గిది వంగాలె గద. కర్రు లెక్క నీళ్ళల్ల ముంచితివేంది?" అంది నర్సమ్మ చెమట తుడుచుకుంటూ.

దుర్గయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది, అంతకు రెట్టింపు ప్రేమా వచ్చింది. చిన్నప్పుడు తండ్రి ఇదే కచ్చురం కమాన్లకు పదును పెట్టడం అప్పుడు గుర్తొచ్చింది. తొట్లో నీళ్ళు కాదు, ఆముదం!

ఆముదం పండే నేల అది. ఇంటింటి నుంచీ ముంతలు వచ్చాయి. ఈసారి కాలిన పట్టీని ఆముదంలో ముంచాడు. నూనె కారుతుండగానే మళ్ళీ కొలిమి మీద చూపి, పట్టీకి అంటిన నూనె తనంతట తాను మండి ఆరిపోయేదాకా ఆగి పక్కన పెట్టాడు. చల్లారాక బండకు ఆనించి తొక్కాడు. వంగింది. కాలు తీశాడు. లేచింది. నర్సమ్మను చూసి కళ్ళెగరేశాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

కమాను కుదిరింది గానీ, ఒక్క గట్టు దాటితే జీపు ఉయ్యాలలా ఊగుతూనే ఉంది. ఆ ఊపు ఆపేది షాకు. చమురు నింపిన గొట్టంలో ఓ కడ్డీ బరువుగా పైకీ కిందికీ ఆడుతుంది. కుడిది బాగానే ఉంది, ఎడమ దాంట్లో చుక్క చమురు లేదు, లోపలి తోలుబిళ్ళ చీలిపోయింది. తోలుపని చేసే లింగయ్య తన బావిలో నీళ్ళు తోడే మోట తోలునే కోసి బిళ్ళ చేశాడు. గొట్టంలో వడగట్టిన ఆముదమే పోశారు.

మళ్ళీ నిండుకుండ, మళ్ళీ గట్టు. జీపు వంగి, లేచి, కుదురుగా నిలబడింది. కుండలోంచి చెంబెడు నీళ్ళు కూడా ఒలకలేదు. ఊరంతా ఒక్కసారి ఈల వేసింది. అందరికంటే గట్టిగా వేసింది జగపతే.

తెల్లవారగానే లచ్చిని గడ్డిపరుపు మీద పడుకోబెట్టి బయల్దేరారు. పక్కన మార్తమ్మ, వెనక సామాన్ల సంచితో దుర్గయ్య. ఒక్క పట్టీ విరిగినా ఇక మార్చడానికి ఏమీ లేదు. గుంట వచ్చినప్పుడల్లా దుర్గయ్య లచ్చి మూలుగు వినేవాడు. మూలిగితే బతికే ఉందని ధైర్యం.

ఆకేరు వాగు రేవులో రజాకార్ల క్యాంపు ఉంది, దాటడానికి అదొక్కటే తోవ. వెనక పరదా దించిన దొర జీపును దూరం నుంచే గుర్తుపట్టి, దొర తిరిగొచ్చాడనుకుని, ఇద్దరు పరుగున లేచి సలాము కొట్టారు. జగపతి దొర లాగే వాళ్ళ మొహం కూడా చూడకుండా ఇసుకలోకి దించేశాడు. దుమ్ములో వాళ్ళు దగ్గుతూ నిలబడిపోయారు.

వాగు దాటి రెండు మైళ్ళు పోయాక దుర్గయ్యకు ఒక్కసారిగా తెలిసింది. లచ్చి మూలగడం లేదు. అదే నిశ్శబ్దం.

"ఆపు! బండి ఆపు!" అని అరిచాడు.

జీపు ఆగింది. దుర్గయ్య సంచి అవతల పడేసి లచ్చి మీదికి వంగాడు. మార్తమ్మ లచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టింది, కట్టు తడిమింది, తర్వాత తలెత్తి దుర్గయ్య వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"నిద్రవోయింది అన్నా. మూడు దినాల సంది రెప్ప మూయలే. నీ బండిల నిద్రవోయింది."

ఆ మాటలకు లచ్చి కళ్ళు తెరిచింది. "ఎందుకాపిండ్రు కాకా? మంచిగ నిద్ర పట్టింది" అంది విసుగ్గా.

దుర్గయ్య ఏడుస్తూ నవ్వాడు, సిగ్గుపడలేదు. జగపతి మొహం అటు తిప్పుకుని బండి కదిలించాడు. పొద్దు ఇంకా బారెడు ఉండగానే జీపు మిషను దవాఖాన ముందు ఆగింది. కట్టు ఎర్రబారలేదు. డాక్టరమ్మ చూసి, ఇంత దూరం కట్టు కదలకుండా ఏ కారులో తెచ్చారని అడిగింది.

"కారు గాదమ్మా, దొరసాని కచ్చురం" అన్నాడు దుర్గయ్య.