ఓబులమ్మ పేరున్న డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. మూడు కిలోల పొడి పట్టే డబ్బాను. నా మూత ఎంత బిగుతంటే, కొత్తవాళ్లెవరైనా తీయబోతే గోళ్లు విరగాల్సిందే. ఒక పక్క పిడికిలంత సొట్ట ఉంది. నడుము మీద ‘బి. ఓబులమ్మ, తాడిపత్రి’ అని చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు ఉంది. వంటింటి డబ్బాకి ఆత్మకథేమిటని నవ్వకండి. మీ ఇంటి అలమారాలో ఉన్నవాటికి గనక నోరుంటే మీరు తలెత్తుకుని తిరగలేరు.

పుట్టింది మద్రాసు వైపు ఏదో కార్ఖానాలో. రేకును గుండ్రంగా కోసి, అచ్చులో పెట్టి నొక్కారు. అంతకు మించి ఆ నొక్కుడు గురించి మాట్లాడను. గడ్డిలో చుట్టి లారీ ఎక్కిస్తే, ఎక్కడెక్కడో తిరిగి, పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఒకామె బుట్టలో పడ్డాను. ఆ బుట్ట తాడిపత్రిలో ఓబులమ్మ ఇంటి ముందు దిగింది. ఓబులమ్మ తన పెళ్లినాటి పట్టుచీర తెచ్చి ముందర పరిచింది. బుట్టామె చీరను ఎండకు పట్టి చూసి, జరీ యాడుందమ్మా అంది. ఈమె, చీర కట్టినప్పుడు నువ్వు పుట్టలేదు, నీకేం తెలుసు అంది. గంటసేపు బేరం. చివరికి నాతో పాటు ఒక గంటె కూడా గుంజుకుని గానీ ఓబులమ్మ చీర వదల్లేదు.

మరుసటి వారం మిషను పట్టుకుని పేర్లు చెక్కేవాడొస్తే నా మీద పేరు వేయించింది. మనుషుల తీరు నాకు భలే వింతగా ఉంటుంది. ఆమె ఉండే ఇంటి గోడ మీద ఆమె పేరు లేదు. బస్టాండు పక్కన ముప్ఫై ఏళ్లుగా నడుపుతున్న ఉగ్గాని బండి మీదా లేదు. నా మీద మాత్రం ఉంది. ఎవరైనా ఎత్తుకుపోతారని ఆమె భయం నా గురించే కాబోలు.

ఆ బండి మీద నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. బొరుగులు, అదే మరమరాలు, నానబెట్టి పిండి, తాళింపు వేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడితే అది ఉగ్గాని. ఆ పొడి నాలో ఉండేది. పొద్దున్నుంచీ ఒకటే పిలుపులు. “ఓబులమ్మా, రెండు ప్లేట్లు!” “ఓబులమ్మా, కారం తగ్గించు!” ఆ పేరు నా మీద చెక్కినవాడికంటే నా చెవిలో చెక్కినవాళ్లే ఎక్కువ.

ఇక ఆ సొట్ట. అది చౌడేశ్వరిది. ఓబులమ్మ మనవరాలు. తల్లీతండ్రీ బెంగుళూరులో కట్టడాల పనికి పోయి పండక్కీ పబ్బానికీ వచ్చేవాళ్లు, పిల్ల అవ్వ కొంగు పట్టుకుని పెరిగింది. నాలుగేళ్లప్పుడు నన్ను బోర్లించి, నా మీద ఎక్కి, గూట్లోని బెల్లం అందుకోబోయి దబ్బున పడింది. పిల్లకి ఏమీ కాలేదు. అవ్వ మాత్రం వచ్చి పిల్లను ఎత్తుకుని, తప్పంతా నాదే అన్నట్టు నన్ను రెండు దెబ్బలు కొట్టింది. ఇదెక్కడి న్యాయమండీ!

ఆ పిల్లే పెద్దదై ఇంటర్లో లెక్కల్లో ఊరు మొత్తానికి మొదట వచ్చింది. కానీ అవ్వను వదిలి ఉండలేదు. తిరుపతిలో కాలేజీలో చేర్పిస్తే తొమ్మిదో రోజున పెట్టె పట్టుకుని బండి ముందు నిలబడింది. అవ్వ ఉగ్గాని పెట్టింది. ఏడాదంతా పిల్ల బండి దగ్గర ఉల్లిపాయలు తరిగింది. తరుగుతున్నంతసేపూ ఓబులమ్మ ఆ చేతుల వంక చూసేది, ఒక్కోసారి బజ్జీలు మాడిపోయేవి. మరుసటేడు విశాఖపట్నంలో ఇంజనీరింగు సీటు వచ్చింది. ఈసారి కూడా తిరిగొచ్చిందంటే ఇక ఆ పిల్ల చదువు ఉల్లిపాయల్లో కలిసినట్టే. అది అవ్వకి తెలుసు, పిల్లకి తెలుసు, నాకూ తెలుసు.

బయల్దేరే ముందు రోజు ఓబులమ్మ చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, వేయించి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ వేసి పొడి దంచింది. నన్ను తోమి ఎండబెట్టి, పొడి పోసి, పిడికిలితో అదిమింది. మళ్లీ పోసింది, మళ్లీ అదిమింది. మూడు కిలోల డబ్బాలో నాలుగు కిలోలు కూరింది మహాతల్లి. చివర్న అరచెయ్యి పెట్టి ఒక్క నొక్కు నొక్కింది. ఆ చేతి అచ్చు, అయిదు వేళ్లతో సహా, పొడి మీద అట్లాగే నిలిచిపోయింది.

“చూడుమే సౌడేశూ,” అంది. “ఈ డబ్బా ఖాళీ అయ్యేదాంక ఈ గడప తొక్కాకు. ఖాళీ అయినాంక రా, మళ్లా నింపి పంపిస్తా. దీని మీద చెయ్యేసి చెప్పు.”

పిల్ల నా మూత మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంది.

కడప దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. పెట్టెలన్నీ సీటు కింద తోసి నన్ను మాత్రం ఒళ్లో పెట్టుకుంది. పెదవాల్తేరులో వరహాలమ్మ గారి మేడ మీద గది. వరహాలమ్మ భర్త పోర్టులో పని చేస్తాడు, గది మాట్లాడిందంతా ఆయనే గనక ఆవిడకు పిల్ల పేరు తెలియదు. ఆవిడ కింద నుంచి “బాగున్నావేటమ్మా” అనేది, ఈ పిల్ల తలూపి మెట్లెక్కేసేది.

విశాఖపట్నం గాలి అదో రకం. తాడిపత్రిలో తడి గుడ్డ ఆరేసి వెనక్కి తిరిగేసరికి కరకరలాడుతుంది. ఇక్కడ రెండు రోజులైనా బట్టలు జిగటగానే ఉంటాయి. సముద్రం చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో దిగుతారు గానీ మా పిల్ల మొదటి నెలంతా ఆ వైపు తొంగి చూడలేదు. కాలేజీ మొదటి రోజున “ఆడ కుచ్చోనా?” అని అడిగితే వెనక బెంచీలో ఎవరో ఆ యాసకి కిసుక్కుమన్నారట. ఆ రోజు నుంచి నోరు కట్టేసుకుంది. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప, అవీ ఫోనులో అవ్వతో.

గదిలోకి రాగానే నా మూత తీసేది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. మళ్లీ బిగించేది. తినడానికి మనసొప్పేది కాదు. తిన్నా, ఆ చేతి అచ్చు చెరగకుండా అంచున చెంచాతో తవ్వుకునేది. ఒక్కోసారి తన అరచేతిని ఆ అచ్చు మీద ఆనీ ఆననట్టు పెట్టి కూర్చునేది. పదిరోజులకు గానీ దానికి తట్టలేదు, తినకపోతే డబ్బా ఖాళీ కాదు, డబ్బా ఖాళీ కాకపోతే ఇంటికి పోయే దారి లేదు. తింటే అవ్వ చెయ్యి చెరిగిపోతుంది, తినకపోతే అవ్వ కనిపించదు. ఏం చేస్తుంది పాపం! నన్ను ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నా మీద పడిన కన్నీళ్లు ఆ ఊరి గాలికంటే ఉప్పగా ఉన్నాయి.

పారబొయ్యడమంటారా? ఓబులమ్మ మనవరాలు తిండి పారబొయ్యదు. అందుకని ఒకనాడు తెగించి, నన్ను చంకన పెట్టుకుని కిందికి దిగి, “ఆంటీ, ఇది మీరు వాడుకోండి, డబ్బా మాత్రం ఇచ్చేయండి” అంది. ఎల్లుండి రైలెక్కెయ్యాలని మనసులో లెక్క. మేడ మీదికి వెళ్లి బట్టలు కూడా సర్దేసింది.

వరహాలమ్మ మూత తీసి, వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుని, “ఓలమ్మో!” అంది. ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ రెండు రోజుల్లో ఊడ్చిపెట్టారు. మూడో రోజు పొద్దున్న మేడ మెట్ల మీద కేక.

“ఓబులమ్మా! ఓ ఓబులమ్మా!”

నా మీద చదివి, అదే పిల్ల పేరనుకుంది ఆ మహాతల్లి. చౌడేశ్వరి తలుపు తీసి, తన పేరు అది కాదని చెప్పబోయి ఆగిపోయింది. ఇరవై మూడు రోజులుగా ఆ పేరు ఎవరి నోటా వినలేదు మరి. బండి దగ్గర పొద్దస్తమానం వినబడే పిలుపు, ఈ సముద్రం పక్కన, ఈ మెట్ల మీద. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఆ, వస్తాండా,” అంది.

ఇంతకీ నేను వరహాలమ్మ చేతుల్లో బరువుగా ఉన్నాను. మూత తీసి చూస్తే నిండా చేగోడీలు!

“ఆంటీ, ఖాళీ డబ్బా ఇమ్మన్నా కదా,” అంది పిల్ల.

“ఖాళీ డబ్బా ఎవురైనా ఇస్తారేటమ్మా? ఇంటికి మంచిది కాదు గదా. అలగ నిలబడిపోయావేటి, తిను.”

అదీ సంగతి. ఇల్లు మారినా, ఊరు మారినా, ఎవరి గిన్నె వాళ్లకి ఉత్తగా తిరిగివ్వడం మనవాళ్ల ఇంటావంటా లేదు. తాడిపత్రిలోనూ అంతే. కంగారులో పిల్ల అది మరిచిపోయింది. సర్దిన బట్టలు మళ్లీ దండెం మీదికి ఎక్కాయి.

మొండిపిల్ల కదా, ఊరుకుంటుందా! చేగోడీలతో సహా నన్ను వీధి మలుపులో ఇస్త్రీ బండి నూకరత్నానికి ఇచ్చింది. నాలుగో రోజున నేను ఎండురొయ్యలతో తిరిగొచ్చాను. ఆ వాసన పోవడానికి నన్ను చింతపండుతో పది రోజులు తోమాలి, చెప్పుకుంటే సిగ్గు. రొయ్యలు ఎట్లా వండాలో తెలియక పిల్ల మళ్లీ నూకరత్నం దగ్గరికే పోయింది. నూకరత్నం బొగ్గుల పెట్టె పక్కన పెట్టి, వంకాయతో కలిపి వండడం నేర్పింది. తిన్నాక పిల్ల నాలుగు మాటలు మాట్లాడింది. మరుసటి వారం నలభై మాట్లాడింది. ఆ వంకాయ కూర నాలో సర్దుకుని కాలేజీకి తీసుకెళ్తే, పక్కన కూర్చునే దమయంతి సగం లాగించేసి, వాళ్ల ఇచ్ఛాపురం నుంచి వచ్చిన జీడిపప్పు పాకం పోసి ఇచ్చింది. మొదటి రోజున కిసుక్కుమన్నది తనేనని కూడా ఆ రోజే ఒప్పుకుంది. “ఇంకోసారి అనవే, ఆడ కుచ్చోనా అని, బాగుంటది” అని బతిమాలింది కూడా.

అట్లా నేను వీధంతా తిరిగాను. ఎక్కడికి పోయినా ‘ఓబులమ్మ డబ్బా’ అనే అన్నారు, పిల్లను ఓబులమ్మ అనే పిలిచారు. కానీ పిల్ల దిగులు తీరిందనుకునేరు! పొద్దున్నే కిటికీలోంచి పడమటి దిక్కు చూస్తూ నిలబడేది. దసరా సెలవులిచ్చేసరికి నేనింకా నిండుగానే ఉన్నాను. ఒట్టు ఒట్టే, దిగులు దిగులే. చివరికి దిగులే గెలిచింది. ఇంక తిరిగి రాకూడదని బట్టలూ పుస్తకాలూ అన్నీ పెట్టెలో కుక్కి, ఎవరికీ చెప్పకుండా, నన్ను ఒళ్లో పెట్టుకుని రైలెక్కింది.

బండి ముందు నిలబడి, “అవ్వా, డబ్బా ఖాళీ కాలేదు,” అని బావురుమంది.

ఓబులమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని మూత తీసింది. లోపల చెనిక్కాయల పొడి పలుకైనా లేదు. వరహాలమ్మ పాకుండలు, నూకరత్నం ఇచ్చిన తాటి తాండ్ర, దమయంతి నువ్వులుండలు.

“ఇది ఎవురు చేసినారు?” అంది పాకుండ కొరికి.

పిల్ల చెప్పింది. వరహాలమ్మ మాట తీరు అనుకరిస్తూ చెప్పింది. నూకరత్నం మోకాళ్ల నొప్పి గురించి చెప్పింది. దమయంతి నిద్రలో లెక్కలు చెయ్యడం గురించి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడవడం మరిచిపోయి నవ్వింది. బాణలి కింద మంట ఆరిపోయింది, ప్లేట్ల కోసం నిలబడ్డవాళ్లు కూడా వింటున్నారు. తిరిగి వెళ్లనన్న మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

అప్పుడే బండి మీద పెట్టిన పిల్ల ఫోను మోగింది. చేతులు ఖాళీగా ఉన్నది ఓబులమ్మకే, ఆమే ఎత్తింది.

“ఓబులమ్మా,” అని అవతల వరహాలమ్మ. “బట్టలన్నీ సర్దీసుకుని ఎల్లిపోనావేటమ్మా? గది తుడుద్దామని ఎల్తే దండెం మీద ఒక్క గుడ్డ నేదు. మేడ మీద అడుగుల సప్పుడు నేక ఇల్లు ఇల్లులాగ నేదు. మావల్ల ఏటైనా తప్పైపోనాదా? వచ్చీమ్మా.”

ఓబులమ్మ మనవరాలి వంక చూసింది. పిల్ల తల దించుకుంది. ఓబులమ్మకు అంతా అర్థమైంది, పెట్టె ఎందుకంత బరువుందో కూడా. గొంతు సవరించుకుంది.

“వస్తాలేమ్మా. సోమారం వస్తా.”

“గొంతు అలగైపోనాదేటి, జలుబు సేసిందా?”

“ఔనమ్మా,” అంది ఓబులమ్మ.

ఫోను పెట్టేసి, “నా పేరు పెట్టుకున్న్యావా ఆడ?” అంది.

“నేను పెట్టుకోలేదవ్వా. డబ్బా మీద చూసి పిలిచింది. నిన్ను పిలిచినట్టుండె, ఊరుకున్న్యా.”

ఓబులమ్మ పొయ్యి రాజేసింది. ఆ రోజు అందరికీ మాడిన బజ్జీలే పడ్డాయి.

ఆదివారం నన్ను తోమి, ఎండబెట్టి, చెనిక్కాయల పొడి పోసింది. ఈసారి అదమలేదు. అరచెయ్యి అచ్చు వెయ్యలేదు. సగం దాకా పోసి మూత బిగించేసింది. నాకు ఆశ్చర్యమేసింది.

పిల్ల నన్ను అందుకుని, ఊపి చూసి, “ఇదేందవ్వా, సగమే పోసినావు?” అంది.

“కాయల్లేవుమే,” అంది ఓబులమ్మ, అటు తిరిగి.

ఆమె వెనకాల గోడకు ఆనించి రెండు బస్తాల కాయలున్నాయి. నేను చూశాను. చౌడేశ్వరి కూడా చూసింది. వంగి అవ్వ కాళ్లకు దండం పెట్టి, నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది.

ఇప్పుడు వరహాలమ్మ గారి మేడ మీద కిటికీ పక్కన గూట్లో ఉన్నాను. ఉప్పుగాలికి నా పేరు చుక్కల్లో కాస్త మకిలి పట్టింది, పిల్ల ఆదివారం పూట గుడ్డతో రుద్దుతుంది. కింద నుంచి “ఓబులమ్మా” అని కేక వస్తుంది, పైనుంచి “వస్తాండా” అని జవాబు పోతుంది. పొడి రోజుకో చెంచా తగ్గుతోంది. ఇంకో నెలకు అడుగు కనిపిస్తుంది. తాడిపత్రిలో ఆ నెల ఎప్పుడు గడుస్తుందా అని ఒకావిడ బజ్జీలు మాడుస్తూ ఉంటుంది.