మొదటి మేకు

మార్చి పద్నాలుగు. ఆ తేదీ మాస్టారికి గుర్తుండిపోయింది ఆ పొద్దున తిన్న గుడ్డు వల్లే. ఉడకబెట్టడంలో అక్క లెక్క ఎన్నడూ తప్పదు. అరుగు కూల్చే ఆ రోజు మాత్రం పచ్చసొన కారిపోయింది. రొట్టెముక్కతో తుడుచుకు తింటూ, 'అయితే ఈవిడకీ బెంగగానే ఉందన్నమాట' అనుకున్నారు.

భార్య పోయాక ఆయన్ని చూసుకోవడానికి వచ్చిన అక్క, పెనంతో పాటు పెత్తనం కూడా చేతికి తీసుకుంది. ఇంటి వెనక చెక్క అరుగు, దాన్నానుకున్న చెక్క కంచె పుచ్చిపోయాయి, పీకించెయ్యాలని ఆవిడ పట్టు. పోయిన నెల పలక విరిగి మాస్టారి కాలు మోకాలిదాకా దిగబడిన మాట నిజమే. కానీ ముందు గుమ్మానివి నిటారు మెట్లు, అరిగిన మోకాళ్ళతో దిగలేరు. అరుగుకి వాలుగా వేసిన పలక మీంచే సందులోకి దిగి టీకొట్టుదాకా వెళ్ళొస్తున్నారు. అది పోతే ఇక తనూ ఇంట్లో బీరువాతో సమానం. లోపలికి వచ్చిందే గాని, బయటికి గుమ్మం పట్టదు.

"కొత్త అరుగు ఎప్పుడక్కా?"

"వానలు వెళ్ళాక వడ్రంగి వస్తానన్నాడు."

"అసలు వానలే రాలేదు కదా!"

"వస్తాయిలే. ఎక్కడికి పోతాయి?"

పాత కట్టడాలు కూల్చే కాంట్రాక్టరు మనుషులతో, ట్రాక్టరుతో దిగాడు. వాడుకలో అతని పేరు గునపం.

"కట్టే పని నువ్వు చెయ్యవా?" ఆశగా అడిగారు మాస్టారు.

"నాకు పడగొట్టడమే అచ్చొచ్చింది మాస్టారూ. ఒకసారి కోళ్ళగూడు కట్టాను. కోళ్ళే ఎక్కలేదు." మేకులు పీకే కడ్డీ ఆయన చేతిలో పెట్టాడు. "మొదటి మేకు ఇంటాయనే పీకాలి. ఎవరో చెప్తే విని ఒకాయన కంచె కూల్చాను. ఆయనొచ్చి నా కాలరు పట్టుకున్నాడు. అప్పట్నించీ ఇదే రూలు."

"పిలిపించింది నేను!" అంది అక్క.

"ఇల్లు మీదేనా అమ్మా?"

మాస్టారికి కడ్డీ తేలిగ్గా తోచింది. ఎన్నాళ్ళకో తన 'వద్దు'కి ఒక విలువ వచ్చింది. తర్వాత చూద్దాంలే అనేస్తే చాలు, వీళ్ళంతా వెళ్ళిపోతారు.

"పన్ను పీకించుకునేవాడిలా ఆ మొహమేమిట్రా? కానీ!" అంటూ అక్క అరుగు మీదికే వచ్చి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది. రోజూ తడిబట్టలు ఆరేసేదీ అక్కడే.

అరుగు ఇంకా గట్టిగానే ఉందని చూపించడానికి మాస్టారు గుమ్మంలోంచే వంగి మేకుని వేలితో కదిపారు. పెరుగులోంచి చెంచా వచ్చినట్టు వచ్చేసింది. వెంట తడి కాఫీపొడిలా చెక్కపొడి రాలింది. అక్క కాళ్ళ కిందిదాకా ఆ వరస మేకులన్నీ ఇలాగే తుప్పుపట్టి ఉన్నాయి.

"అక్కా, నా చెయ్యి పట్టుకో. మెల్లిగా లోపలికి రా."

అక్క ఆ చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది. మాస్టారు మేకుని గునపం అరచేతిలో పెట్టారు.

"కానివ్వు."

పొద్దు వాలేసరికి అరుగూ లేదు, కంచే లేదు. వెనక తలుపు తీస్తే గాలి, కింద గుండెలోతు పల్లం. చీకట్లో అలవాటుగా అడుగేస్తారని, ఎవరూ అడక్కుండానే గుమ్మానికి అడ్డంగా ఒక కర్ర బిగించి వెళ్ళాడు గునపం.

కంచె పోవడంతో టీకొట్టు ఎదురుగా కనిపిస్తోంది.

"టీకి రావట్లేదా మాస్టారూ?" కేకేశాడు కొట్టతను.

"రెక్కలు మొలిచాక వస్తాను!"

అతను పెట్టె ఒకటి తెచ్చి, దాని మీదెక్కి కర్ర కిందనించి రెండు గ్లాసులు అందించాడు. ఆ టీని ఇన్నాళ్ళూ కుడితినీళ్ళని తిట్టిన అక్క, గుమ్మంలో తమ్ముడి పక్కన చతికిలబడి చుక్క మిగలకుండా తాగింది.

"వానలు ఎప్పుడొస్తాయిరా?"

"ఇంకా చాలా ఉందక్కా."

ఆవిడ గ్లాసులు తీసింది. మాస్టారు లేచేదాకా ఆగి, ఎప్పుడూ ధడాలున వేసే ఆ తలుపుని, గొళ్ళెం కూడా చప్పుడు కాకుండా, ఆ రాత్రికి మూసింది.