హోరు లేని క్యాసెట్

క్యాసెట్‌లో తండ్రి హార్మోనియం వినిపించవలసిన చోట చప్పుడే లేదు, దాని పై అంచున అంటించిన నల్లటేపు మాత్రం నిన్ననో మొన్ననో అంటించినంత కొత్తగా మెరుస్తోంది.

జ్యోత్స్న క్యాసెట్‌ను ప్లేయర్‌లోంచి తీసి వెలుగులో తిప్పి చూసింది. ఎవరూ చెరపకూడదనుకుంటే క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కను విరిచేస్తారు. ఆ గుంతను టేపుతో మూస్తే మళ్ళీ రికార్డు చేయవచ్చు. అంటే ఇది పాతబడి పాడవలేదు. ఎవరో కావాలని చెరిపారు.

“మొన్న బతుకమ్మకు గూడ ఇన్నం టీచరమ్మా,” అన్నాడు టైలర్ వెంకన్న, మెడలో కొలతటేపు సవరించుకుంటూ. “మీ నాయిన వాయింపు పెడితే నా కాళ్లు మిషన్ మీద గదే ఊపుల ఆడేటియి.”

“ఈ మధ్య ఎవరన్నా ముట్టుకున్నరా?”

“సూర్యాపేట నడిబజార్ల దుకాణం. వచ్చేటోళ్లు వస్తరు, పోయేటోళ్లు పోతరు. ఎవల్నని చెప్పాలె?”

హార్మోనియం మల్సూర్ మిర్యాలగూడలో నాటకం వాయిస్తూ స్టేజీ మీదే చనిపోయినప్పుడు జ్యోత్స్న పాలు తాగే పిల్ల. గుండె ఆగిందన్నారు. ఇంట్లో ఒక్క ఫోటో ఉంది. అందులోనూ ఆయన హార్మోనియం మెట్ల మీదికి వంగి ఉన్నాడు, ముఖం సరిగా కనిపించదు. తాళం కంటే ఒక వెంట్రుకంత వెనక బయలుదేరి, ఇక అందుకోలేడు అనుకునే సమయానికి అందుకునేవాడని, ఆ ఊపుకి ముసలివాళ్ళ కాళ్ళు కూడా ఆగేవి కావని విన్నవాళ్ళు చెబుతారు. ఆమె మాత్రం ఒక్కసారైనా వినలేదు. కంపెనీ రికార్డులు లేవు. నాటకాలప్పుడు మైక్‌సెట్ పక్కన పెట్టి తీసిన క్యాసెట్లే, ఆయన అభిమానుల ఇళ్ళలో చెదిరిపోయి ఉన్నాయి. ఎంత వెతికినా రెండింటి ఆచూకీయే దొరికింది. ఒకటి సూర్యాపేటలో, ఒకటి కోదాడలో. ఒకటి పోయింది.

బయట మోపెడ్ మీద చంద్రయ్య కూర్చుని ఉన్నాడు. మైక్‌సెట్ చంద్రయ్య. మల్సూర్ నాటకాలన్నిటికీ మైకు పెట్టింది ఆయనే, ఆ క్యాసెట్లు తీసిందీ ఆయనే. మల్సూర్ పోయాక ఆ ఇంటికి దగ్గరగా మిగిలిన మనిషి కూడా ఆయనే. ఏటా వానలు మొదలవగానే జ్యోత్స్నకు రబ్బరు చెప్పులు తెచ్చేవాడు. “ఉత్త కాళ్లతోని స్విచ్చు ముట్టకు బిడ్డా,” అనేవాడు. ఆమెకు ఉద్యోగం వచ్చినా ఆ అలవాటు మానలేదు. “చెప్పుల మామ వచ్చిండు,” అని వాడకట్టంతా నవ్వేది.

“ఖాళీ, మామా,” అంది జ్యోత్స్న.

“పాత రీలు గదా బిడ్డా. తేమకు ఖతమయితది.”

చూపించమని అడగలేదు. ఆగిన గడియారం కనబడినా విప్పి చూడకుండా వదలని మనిషి, క్యాసెట్ వైపు కనీసం చెయ్యి చాచలేదు. జ్యోత్స్న ఆ సంగతి గమనించింది. గమనించినందుకు తనను తానే తిట్టుకుంది.

“రేపు బడి కాంగనే కోదాడ పోత మామా. జానకమ్మ దగ్గర ఇంకోటున్నది. వస్తవా?”

“రేపు నాకు పెండ్లి ఆర్డరున్నది,” అన్నాడు చంద్రయ్య, మోపెడ్ స్టార్ట్ చేస్తూ.

మరునాడు సాయంత్రం కోదాడ బస్టాండు దగ్గర ఇడ్లీ బండి వెనక జానకమ్మ ఆమెను వింతగా చూసింది.

“అదేంటమ్మాయ్, మళ్ళీ నువ్వొచ్చావు? పొద్దున్నే మీ చంద్రయ్య వచ్చాడుగా. బూజు దులిపి ఇస్తానని పట్టుకెళ్ళి మధ్యాహ్నానికి తెచ్చిచ్చాడు.”

జ్యోత్స్న చేతుల్లో క్యాసెట్ పెట్టింది. అంచున నల్లటేపు. కరెంటు వైర్లకు చుట్టే టేపు. చంద్రయ్య మోపెడ్ సంచిలో ఎప్పుడూ ఉండే టేపు.

బండి మీది ప్లేయర్‌లో వేసి చూడవలసిన పని లేకపోయింది. అయినా వేసింది. చప్పుడు లేదు.

“దీంట్ల ఏముండేదమ్మా?”

“ఏముంటుంది, మీ నాన్న వాయింపు! మిగతా నాటకాల క్యాసెట్లు తేనెటీగలు ముసిరినట్టు గుయ్యిమనేవి. ఇది మాత్రం అద్దంలా ఉండేది. మధ్యలో వాయింపు ఆపి, ‘ఓ చంద్రన్నా, మైకు పెదవికి తగిలితే జిల్లుమంటాంది, ముద్దు పెట్టుకోనిస్తలేదు’ అనేవాడు. జనం ఒకటే నవ్వు. వెనకనుంచి చంద్రయ్య ‘ఏం గాదు, వాయించు’ అనేవాడు. ఎన్నిసార్లు విన్నా నవ్వొచ్చేదనుకో.”

జానకమ్మ నవ్వింది. జ్యోత్స్నకు ఇంటి నిండా ఉన్న రబ్బరు చెప్పులు గుర్తొచ్చాయి.

తిరుగు బస్సులో ఫోన్ చేసింది.

“మామా, మిర్యాలగూడల నాయిన ఆఖరి ఆట క్యాసెట్ దొరికింది. మిల్లు వాచ్‌మన్ సోమ్లా దగ్గరున్నదట. ఆదివారం పోయి తెచ్చుకుంట.”



“అట్లనా బిడ్డా,” అన్నాడు చంద్రయ్య.

అది అబద్ధం. పెంచినంత పని చేసిన మనిషికి వల వేస్తున్నానని ఆమెకు తెలుసు. ఆ ఆదివారం దాకా అన్నం సహించలేదు.

మల్సూర్ చనిపోయిన స్టేజీ ఒకప్పుడు ఆ మిల్లు ఆవరణలోనే వేశారు. ఇప్పుడక్కడ ఉప్పుడు వడ్లు ఆరబోశారు. గేటు బయట లారీలు వరస కట్టాయి. జ్యోత్స్న మొదటి బస్సుకే వచ్చి సోమ్లా గదిలో కూర్చుంది.

“ఎవలికోసం టీచరమ్మా గంత పరేషాన్?” అన్నాడు సోమ్లా, టీ గ్లాసు అందిస్తూ.

“మా మామ కోసం.”

“మామ వస్తే నవ్వాలె గని ఏడుస్తరా?”

ఆమె బదులు చెప్పేలోగా గేటు దగ్గర మోపెడ్ ఆగింది. చంద్రయ్య వాచ్‌మన్ గది వైపు రాలేదు. చేతిలో రికార్డరు లేదు, సంచీ లేదు. నేరుగా వడ్లు ఆరబోసిన గచ్చు దగ్గరికి నడిచాడు. అంచున చెప్పులు విడిచి, ఉత్త కాళ్ళతో నిలబడ్డాడు.

జ్యోత్స్న వెనకనుంచి వెళ్ళింది.

“రికార్డర్ తేలేదా మామా? చెరపవా?”

“గీడ క్యాసెట్ లేదు గదా బిడ్డా.” ఆయన వెనక్కి తిరగలేదు. “నువ్వు అబద్ధమాడినవని తెలిసే వచ్చిన. ఆ ఆట క్యాసెట్ నా దగ్గర్నే ఉన్నది.”

అంగీ జేబులోంచి తీసి ఇచ్చాడు. అంచున రెక్క విరిచిన గుంత అలాగే ఉంది. దాని మీద ఎన్నడూ టేపు పడలేదు.

“శానసార్లు చెరుపుదామని కూసున్న. చెయ్యి రాలె.”

“మరి మిగిలినయి? నాయిన గొంతు ఒక్కసారి ఇనాలని ఎంత తిరిగిన్నో నీకు తెల్వదా?”

“తెలుసు.” ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు. “తెలిసే చెరిపిన. ఒక్కటి ఇన్నవంటే నీకు సమజయితది. అన్నిట్ల ఆడు నన్నే పిలుస్తడు.

“నా మైకు మిషన్ గుయ్యిమని హోరు పెట్టేది బిడ్డా. క్యాసెట్ల మీ నాయిన వాయింపు కంటె ఆ హోరే ముందు ఇనబడేది. ఎర్తు వైరు తీసేస్తే హోరు పోతది, గని కరెంటు లీకయితే మైకులకే వస్తది. మైక్‌సెట్టోళ్లం అందరం చేసేటిదే. నేను తీసుడు గాదు, పట్టకారుతోని కోసేసిన. ఆని వాయింపు అద్దం లెక్క దిగాలని కోసిన. దిగింది. సూర్యాపేటల జిల్లుమంటాందన్నడు. కోదాడల గూడ అన్నడు. ఏం గాదు, వాయించు అన్న. ఎర్తు కలిపితే మల్ల హోరొస్తదని.

“గీడ ఆ దినం పొద్దుగూకంగ వాన పడ్డది. నేలంత తడి. ఆడు ఉత్త కాళ్లతోని కూసున్నడు. పాట ఎత్తుకుందామని మైకు మీదికి వంగిండు, మల్ల లేవలె. జనం అదిగూడ ఆటనే అనుకొని చప్పట్లు కొట్టిన్రు. ఆ చప్పట్లు దీంట్ల ఉన్నయి, ఇనొచ్చు. నాకు మాత్రం అప్పుడే తెలిసింది, కరెంటు కొట్టిందని. మెయిన్ బంద్ చేసిన. చేసినంక ఆని దిక్కు ఉరకాలె గదా. ఉరకలె. కోసిన వైరును పండ్లతోని ఒలిచి, ఎవ్వలు సూడకముందే మల్ల ముడేసిన. ముడేసినంక పోయిన ఆని దగ్గరికి. అప్పటికి గూడ కండ్లు తెరిసే ఉన్నడు బిడ్డా. నన్నే సూస్తున్నడు.”